ఒకరు పైకి, మిగతావాళ్లు చుట్టూ

సార్ పోయారని నాకు మంగళవారం పొద్దున తెలిసింది. నంద్యాల బయట ఉన్న మా సబ్‌స్టేషన్‌లో షిఫ్టు మారే వేళ అది. గార్డు మద్దిలేటి ఫోన్ చేయకుండా గేటు దగ్గర్నుంచి కంట్రోల్ రూముకు తానే నడిచి వచ్చాడు. గేటు వదిలి వచ్చే మనిషి కాదు. లోపలికి రాకుండా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, సార్ పోయినాడంట."

"ఏ సార్?" అన్నాను. అడగనక్కర్లేని ప్రశ్న. మా దగ్గర ఆఫీసర్లందరూ సార్లే కానీ, ముందూ వెనకా ఏమీ తగిలించకుండా సార్ అంటే ఒక్కరే.

"పొద్దున టీ తాగి గ్లాసు పక్కన పెట్టినాడంట. మళ్ల పిలిస్తే పలకలేదంట. ఇనపడలేదేమో అనుకున్నారంట మేడమ్ ఇంట్లో వాళ్లు. ఇనపడలేదేమో అని రవ్వంత సేపు అట్లనే వదిలేసినారంట."

ఆ చివరి మాట నాకు ఎందుకంత గుచ్చుకుందో తర్వాత చెప్తాను. అప్పుడు మాత్రం నా నోటి నుంచి వచ్చింది ఇది: "గేటు దగ్గర ఎవరున్నారు?"

"ఓబులమ్మ ఉండాది," అన్నాడు మద్దిలేటి. ఆ ప్రశ్నకు అతనేమీ నొచ్చుకోలేదు. సార్ ఉన్నా ముందు అదే అడిగేవారు.

బయటికొచ్చి ఆకాశం చూశాను. ఏమీ లేదు. ఆరోజు నుంచి ఇదే పని. తాగుతున్న టీ వదిలేసి లేస్తాను, ఇంట్లో మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీ దగ్గరికి పోతాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నాక కూడా రెండుసార్లు మిద్దె ఎక్కి దిగాను. ఏం వెతుకుతున్నానో నాకే సరిగా తెలియదు.

ఆయన మాకు డ్రోన్ల గురించి పాఠం చెప్పిన మనిషి. పెళ్లిళ్లలో వీడియో తీసే, చేలల్లో మందు కొట్టే ఆ యంత్రం గురించి పాఠమేమిటని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. కొన్నేళ్ల కింద ఒక మధ్యాహ్నం మా ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఒక డ్రోన్ వచ్చి నిలబడింది. కాసేపు ఉండి వెళ్లింది. మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చింది. ఎవరిదో, ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. రెండు కిలోల వస్తువు తీగల మీద పడితే చాలు, ఒక్క మెరుపుతో సగం జిల్లాకు కరెంటు పోతుంది. ఆసుపత్రులు, తాగునీళ్ల మోటార్లు అన్నీ దాని వెనకే. పడకపోయినా, పైనుంచి ఫోటోలు తీసుకుపోతే ఏది ఎక్కడుందో ఎవరికైనా తెలిసిపోతుంది. దాంతో పైఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది: గార్డులకూ సిబ్బందికీ శిక్షణ ఇప్పించండి అని. ఆ బాధ్యత నాకు అప్పగించారు. నేను జాగ్రత్తగా చూసుకుంటానని అన్నారు. ఇంకెవరూ ఒప్పుకోలేదన్నది అసలు సంగతి.

అలా వచ్చారు ఆయన. సైన్యంలో ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండే విభాగంలో పనిచేసి రిటైరై, సొంత ఊరు ఆళ్లగడ్డలో ఉంటున్నారు. ప్రతి మంగళవారం, శుక్రవారం బస్సులో వచ్చేవారు. ఎగరేసే పనికి ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ని మాట్లాడుకున్నారు.

మొదటి రోజు పదకొండింటికి క్లాసు అన్నారు. పదకొండయింది, మనిషి రాలేదు. అంతలో యార్డు మీద గుయ్యిమని చప్పుడు. ఉన్న ఇరవై మందిమి బయటికి పరుగెత్తాం. నేనూ పరుగెత్తాను. మద్దిలేటి సెల్‌ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. క్యాంటీన్‌లో వంట చేసే అన్న, చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలినవాడు, రాయి తీసి గురి చూసి విసిరాడు. అది పోయి స్టోరు గది రేకుల మీద పడింది. అందరం నవ్వాం. డ్రోన్ వెళ్లిపోయింది. అదే మాట్లాడుకుంటూ కంట్రోల్ రూములోకి వచ్చేసరికి నా కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. టేబుల్ మీద డబ్బా తెరిచి జొన్నరొట్టె తుంచి చెనిక్కాయల పొడిలో అద్దుకుంటున్నారు.

"రాండి, కూకోండి," అన్నారు. "గేటు కాడ ఎవరూ ల్యాకపోతే నేనే వచ్చినా. ఈ మీటలు ఏందేందో నాకు తెలీదు కాబట్టి మీ ఊర్లో ఇంకా కరెంటుండాది."

ఒకరి వెనక ఒకరం వచ్చి కూర్చున్నాం.

"అందరూ దాన్ని చూసినారు. సంతోషం. దాన్ని ఎగరేసినోన్ని ఎంతమంది చూసినారు?"

"నేను రాయితో కొట్టినా సార్," అన్నాడు వంట అన్న, కాస్త ధైర్యం తెచ్చుకుని.

"తగిలిందా?"

"లేద్సార్."

"తగిలుంటే యాడ పడేది?"

వంట అన్న కిటికీలోంచి ట్రాన్స్‌ఫార్మర్ల వైపు చూసి తల దించుకున్నాడు.

ఆరోజు ఆయన చెప్పిందంతా ఒక్క మాట. "ఒకరు పైకి. మిగతావాళ్లు చుట్టూ." ఎవరికి ముందు కనపడితే వాళ్లు దాన్ని వదలకుండా చూస్తూ ఎటు నుంచి వచ్చింది, ఎంత ఎత్తులో ఉంది, ఎటు పోతోంది అన్నది గట్టిగా చెప్తూ ఉండాలి. ఒకరు ఫోన్ చేయాలి. తక్కినవాళ్లంతా డ్రోన్‌కు వీపు పెట్టాలి. గోడలు, చేలు, రోడ్డు, మిద్దెలు చూడాలి. "వాడు యాడనో భూమ్మీదనే నిలబడి ఉంటాడప్పా. వానికీ కాళ్లు గుంజుతాయి, దప్పికైతాది. మనిషిని పట్టేది మీకు ఎరకే కదా."

వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. నెత్తి మీద ఏదో ఎగురుతుంటే దానికి వీపు తిప్పడానికి ఒళ్లు ఒప్పుకోదు. మెడ దానంతటదే పైకి లేస్తుంది. మాకు మూడు నెలలు పట్టింది. అందరికంటే ఎక్కువ కష్టపడింది మద్దిలేటి.

"ఏమప్పా మద్దిలేటీ, నీ జుట్టుకు తాడు కట్టి పైనుంచి లాగుతాండారా?" అనేవారు సార్.

"వీపు తిప్పితే ఇంట్లో ఆయమ్మ ఎనకనుంచి పిలిచినట్టుంటాది సార్. తిరక్కుండా ఎట్ల ఉండేది?"

"ఆయమ్మ పిలిస్తే యానాడు తిరిగినావులే నువ్వు," అంది ఓబులమ్మ. ఓబులమ్మ మా దగ్గర ఒక్కతే ఆడ గార్డు. సార్ నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి. శబ్దం లేకుండా, భుజాలతో నవ్వేవారు.

క్లాసు మొదలయ్యే ముందు ఫ్యాన్లు ఆపించేవారు. ఎండాకాలంలో కూడా. చెమటలు కారుతుంటే కళ్లు మూసుకుని కూర్చోబెట్టి ఏమేం వినిపిస్తున్నాయో చెప్పమనేవారు. ట్రాన్స్‌ఫార్మర్ల హోరు, రోడ్డు మీద లారీ, చేలో మోటారు, వాటి వెనక ఇంకేదైనా. కళ్లకంటే ముందు చెవికే అది అందుతుందని ఆయన నమ్మకం. ఒకసారి మిద్దె మీద నీళ్ల డ్రమ్మును వేలి కణుపుతో తట్టి ఎంతవరకు నీళ్లున్నాయో చెప్పారు. మూత తీసి చూస్తే అంతే ఉన్నాయి. ఎలా అని అడిగాను.

"మాది రాళ్లు కొట్టే ఇల్లమ్మా. మా నాయన బొమ్మకు రాయి కొనేటప్పుడు చూసేవాడు కాదు, తట్టేవాడు. లోపల పగులుంటే రాయి బొంగురుగా పలుకుతాది. చెక్కడం అయితే నాకు చేతకాల్యా. తట్టడం ఒక్కటి వచ్చింది."

ఆళ్లగడ్డ వెళ్లినవాళ్లకు తెలుసు, రోడ్డుకు రెండు వైపులా సగం చెక్కిన దేవుళ్లు, నాయకులు, నందులు, రోజంతా ఉలి చప్పుడు. ఆ చప్పుడులో పెరిగిన చెవి అది. దేన్నైనా ఒక్కసారి తట్టేవారు. టేబుల్, తలుపు, టీ గ్లాసు. తట్టి తల కొంచెం వంచి, అప్పుడు చేయి వేసేవారు.

వరి కాలంలో చుట్టూ చేలల్లో మందు కొట్టే డ్రోన్లు లేచేవి. పూటకు నాలుగుసార్లు అలారం. మా వాళ్లు విసుక్కున్నారు. సార్ గట్ల వెంబడి నడిచి ప్రతి రైతునూ కలిశారు. ఎగరేసే ముందు గేటుకు ఒక ఫోన్ చేయండి అని. నేనూ వెంట వెళ్లాను.

"మా చేన్లో మేము మందు కొట్టుకునేదానికి మీకు చెప్పాల్నా?" అన్నాడొక రైతు.

"చెప్పే పనేం ల్యాప్పా. చెప్తే మావోళ్లు ఉరుకుతా వచ్చి నీ వరి తొక్కరు."

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. గేటు దగ్గర పలక ఒకటి వేలాడదీసి, ఎవరి చేలో ఎప్పుడు ఎగురుతుందో రాసేవాళ్లు. తెలిసినవి పలక మీద ఉంటే, తెలియనిది వచ్చినప్పుడు వెంటనే తెలుస్తుంది. ఇంత చిన్న సంగతి చదువుకున్న నాకు తట్టలేదు.

ఇక రిజిస్టరు. ప్రతి డ్రిల్లు తర్వాత ఎవరికి ఎన్ని గంటలకు వినపడింది, ఎవరికి కనపడింది అన్నది వరుసగా రాయాలి. మొదటి గడి శిక్షకుడిది, రెండోది నాది, తర్వాత గార్డులవి. ఒకరోజు ఓబులమ్మ తన గడిలో 'వినపడినట్టుంది' అని రాసింది.

"ఇనపడిందా, ఇనపడలేదా?" అన్నారు సార్.

"ఇనపడినట్టే ఉండింది సార్."

"రెండిట్లో ఒకటి రాయి. తప్పైతే దిద్దుకుందాం. 'ఉన్నట్టుంది'ని ఎట్ల దిద్దేది?"

ఆ మాట ఓబులమ్మతో అన్నారు గాని నాకు తగిలింది. నా బతుకంతా 'ఉన్నట్టుంది' మీదే నడుస్తుంది. గ్యాస్ ఆపానా, తాళం వేశానా, అన్న మాట సరైనదేనా అని పది సార్లు వెనక్కి చూసే మనిషిని నేను. ఆ తర్వాత నుంచి ఆ రిజిస్టరులోనైనా అవును, కాదు అని రాయడం నేర్చుకున్నాను.

మూడో ఏడు వచ్చేసరికి ఆయన టీ గ్లాసును రెండుసార్లు తట్టడం గమనించాను. తర్వాత మూడుసార్లు, చెవి దగ్గరగా పెట్టి. వయసు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. గార్డులు కూడా గమనించారని తర్వాత తెలిసింది. వాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆయన అడిగితే అందరూ కొంచెం గట్టిగా జవాబు చెప్పడం మొదలుపెట్టారు. ఒకరితో ఒకరు అనుకోకుండానే.

ఒక శుక్రవారం డ్రిల్లు ఎప్పుడో ముందుగా చెప్పకూడదని ఫోటోగ్రాఫర్‌కే వదిలేశారు. యార్డు పక్కన నిలబడి సార్ ఏదో వివరిస్తున్నారు. డ్రోన్ ఆయన వెనక వైపు నుంచి వచ్చింది. ఓబులమ్మ చెయ్యి ఎత్తింది. తర్వాత మద్దిలేటి. నాకూ వినపడింది. సార్ చెప్పుకుంటూ పోతున్నారు.

"ఏందీ, చెయ్యెత్తినావ్? దప్పికైతాందా?" అన్నారు ఓబులమ్మతో.

ఓబులమ్మ ఎత్తిన చెయ్యి దించలేదు. డ్రోన్ ఆయన నెత్తి మీదికి వచ్చి దాని నీడ ఆయన చొక్కా మీద పడింది. అప్పుడు చూసుకున్నారు. నీడను చూశారు, పైకి చూశారు, మా ముఖాలు ఒక్కొక్కటే చూశారు. తర్వాత నెమ్మదిగా డ్రోన్‌కు వీపు తిప్పి గోడ వైపు తిరిగారు. మేమంతా తిరిగాం.

రిజిస్టరులో నేను అందరి గడులూ నింపాను, మొదటిది తప్ప. ఆయన శిక్షణ ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అన్నది ఆ నెల రిపోర్టుల మీదే పైఆఫీసు తేలుస్తుందని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఆ క్లాసులే ఆయన రోజులకు ఊతమని కూడా నాకు తెలుసు. గాలి ఎదురుగా ఉందని రాయొచ్చు. ఆయనే మమ్మల్ని పరీక్షించారని రాయొచ్చు. నాలుగు రోజులు ఆ గడి ఖాళీగా ఉంది. మంగళవారం ఆయన వచ్చి ఎప్పటిలాగే రిజిస్టరు తెరిచారు. కాసేపు చూసి, దాన్ని నా వైపు తిప్పారు.

"రాయమ్మా."

"ఆరోజు గాలి ఎదురు సార్," అన్నాను.

"గాలి నీకూ ఎదురే కదా. నీకు ఇనపడింది."

నేను పెన్ను తీయలేదు.

"వాళ్లకు ఇంతకాలం ఏం చెప్పినా నేను? ఈ గడి ఖాళీగా పోతే రేపు ఓబులమ్మ గడి గూడ ఖాళీగా పోతాది. రాయి."

'శిక్షకునికి వినపడలేదు' అని రాశాను. మద్దిలేటి మాట నాకు గుచ్చుకున్నది అందుకే. ఆయన చదివి టేబుల్‌ను ఒక్కసారి తట్టి, "బేగా పైకి పంపు," అన్నారు. డబ్బా తెరిచి రొట్టెలో సగం నాకు తుంచి పెట్టారు. నేను తిన్నాను. ఎలా తిన్నానో ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

పొడిగింపు రాలేదు. ఆయన బదులు ఒక పెట్టె వచ్చింది. డ్రోన్ల సంకేతాలను పసిగట్టే యంత్రం. మంచిదే, పని చేస్తుంది. దాని మీద పచ్చ లైటు వెలుగుతుంటే అందరికీ ధీమా. రెండు రోజులు ఎవరో వచ్చి తెర మీద బొమ్మలు చూపించి సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లారు. డ్రిల్లులు ముందు నెలకొకటి అయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. ఆపింది ఎవరో కాదు, నేనే. ఆ రిజిస్టరు తెరిస్తే మొదటి గడి కనపడుతుందని.

ఏడు నెలలు ఆళ్లగడ్డ వైపు పోలేదు. గంట ప్రయాణం కూడా కాదు. చివరికి ఒక ఆదివారం వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు. చెవి మిషన్ జేబులో ఉంది.

"పెట్టుకోలేదేం సార్?" అని గట్టిగా అడిగాను.

"దాంట్లో అన్నీ ఒకే మాదిరి ఇనపడ్తాయమ్మా. కుక్కా, లారీ, మనిషీ." జేబు తడుముకుని, "ఈ మధ్య వీపు తిప్తాండారా మనోళ్లు?" అన్నారు.

ఆయన అడిగింది అదొక్కటే. రిపోర్టు గురించి కాదు, పొడిగింపు గురించి కాదు.

"తిప్తున్నారు సార్. అందరూ," అన్నాను.

అవునో కాదో ఒకటి చెప్పమన్న మనిషికి, తెలియని సంగతిని అవునని చెప్పాను. ఆయన నా ముఖాన్ని కాసేపు చూశారు. అరుగును ఒకసారి తట్టారు. వినపడిందో లేదో.

ఆ జవాబుతోనే నేను మంగళవారం మధ్యాహ్నం ఆళ్లగడ్డకు వెళ్లాను. షిఫ్టు దిగిన గార్డులు ఎనిమిది మంది యూనిఫారాలు కూడా మార్చుకోకుండా వచ్చారు. మద్దిలేటి పాడెకు భుజం ఇచ్చాడు. ఓబులమ్మ, నేను వెనక నడిచాం. మెయిన్‌రోడ్డు మలుపులో పాడె ఆగాల్సి వచ్చింది. ఎదురుగా ఒక శిల్పాల దుకాణం నుంచి పెద్ద విగ్రహాన్ని క్రేన్‌తో ట్రెయిలర్ మీదికి ఎక్కిస్తున్నారు. రాతి మెడకు పూలదండ, నుదుట కుంకుమ. చావు చూసి వాళ్లు డప్పులు ఆపారు. క్రేన్ కూడా ఆగింది.

ఆ నిశ్శబ్దంలో గుయ్యిమని చప్పుడు.

విగ్రహం ప్రయాణాన్ని పైనుంచి వీడియో తీస్తున్న డ్రోన్. అటూ ఇటూ తిరిగి మా నెత్తి మీదికి వచ్చి నిలబడింది. వీధిలో వాళ్లందరూ తలలెత్తారు. ఏడుస్తున్న చుట్టాలు కూడా ఏడుపు ఆపి పైకి చూశారు.

మద్దిలేటి చూడలేదు. పాడె భుజం మీద ఉండగానే మెడ పక్కకు తిప్పి మిద్దెలు వెతకడం మొదలుపెట్టాడు. తక్కిన గార్డులూ అంతే. ఒకరు రోడ్డు చివరకు, ఒకరు కరెంటు స్తంభాల వైపు, ఒకరు లారీల సందుల్లోకి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎనిమిది వీపులు ఆ డ్రోన్‌కు. ఇన్ని నెలలు డ్రిల్లు లేదు. ఓబులమ్మ ఒక చేత్తో ముఖం తుడుచుకుంటూనే రెండో చెయ్యి చాపి చూపించింది. "అదో, ఆ నీలం తొట్టి పక్కన." మిద్దె మీద నీళ్ల తొట్టి చాటున, రిమోట్ పట్టుకుని ఒక మనిషి. ఆమె చెయ్యి చూసి అతను తడబడి డ్రోన్‌ను వెనక్కి పిలిచాడు.

నేను మాత్రం పైకి చూస్తూ ఉన్నాను. మద్దిలేటి నన్ను చూశాడు. "ఉండనీ మేడమ్. ఒకరు చూడాల కదా పైకి," అన్నాడు.

ఒకరు చూడాలని చూశానా, నేర్చుకున్నది మరచిపోయి చూశానా? ఏ గడిలో ఏం రాయాలో నాకింకా తెలియడం లేదు. పాడె మళ్లీ కదిలింది. డ్రోన్ వెళ్లిన దారిలో చప్పుడు కాసేపు ఉండి సన్నబడింది. ఆ మలుపులో మా జట్టులో పైకి ముఖం పెట్టినవాళ్లం ఇద్దరమే. నేనూ, ఆయనా.